పసుపు, ఎరుపు కన్నడ జెండా: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో దిగిన మొదటి వారంలోనే ఈ జెండా కళ్లలో పడుతుంది. ఆటో అద్దం పక్కన, సర్కిల్లో ఇనుప స్తంభం మీద, టీ కొట్టు గుమ్మానికి, ఒక్కోసారి గుడి ముందు కూడా. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాదు, ఈ రాష్ట్రంలో చాలాకాలంగా బతుకుతూ ఈ జెండా మీద ఇష్టం పెంచుకున్న తెలుగువాణ్ణి.

ఇది ఏ పార్టీ జెండా?

ఇప్పుడు ఏ పార్టీదీ కాదు. మన వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈ అనుమానం రావడం సహజమే, ఎందుకంటే మనకు రోడ్డు మీద జెండా కనబడితే అది పార్టీదే అయ్యుంటుంది, అందులోనూ పసుపు అంటే ఇంకేమీ ఆలోచించం. ఇక్కడ మాత్రం ఇది కన్నడ భాషకు, కన్నడ నాడుకు గుర్తు. కాంగ్రెస్ వాళ్లు, బీజేపీ వాళ్లు, జేడీఎస్ వాళ్లు, ఏ పార్టీతో సంబంధం లేని ఆటో డ్రైవర్ కూడా ఇదే జెండా పట్టుకుంటారు.

పుట్టడం మాత్రం ఒక పార్టీ కోసమే పుట్టింది. ఆ సంగతి కింద చెబుతాను.

కన్నడంలో దీన్ని ఏమంటారు?

మామూలుగా "కన్నడ ధ్వజ", కాస్త గౌరవంగా "నాడ ధ్వజ" అంటారు. ఇంకో మాట "బావుట". అవును, మన బావుటానే. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు భలే సంతోషం వేసింది, మనం ఇప్పుడు పుస్తకాల్లో తప్ప వాడని మాట పక్క భాషలో ఇంకా జనం నోట్లో ఉంది.

పసుపు, ఎరుపు అంటే అర్థం ఏమిటి?

పసుపు, కుంకుమ. అంతే.

కన్నడంలో "అరిశిన, కుంకుమ" అంటారు. ఇంటికొచ్చిన ముత్తయిదువకు బొట్టు పెట్టి పంపడం, గడపకు పసుపు రాసి కుంకుమ అద్దడం, కొత్త బండి కొంటే, కొత్త పుస్తకం తెరిస్తే ముందు ఆ రెండూ పెట్టడం, ఇవన్నీ మనకూ వాళ్లకూ ఒకటే. అందుకే ఈ జెండా అర్థం తెలుగువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చాలా జెండాలకు రంగు ముందు వస్తుంది, అర్థం తర్వాత కమిటీలో కూర్చుని రాస్తారు, ఈ రంగు త్యాగం, ఆ రంగు సమృద్ధి అని. ఇక్కడ అర్థం వంటింట్లో, దేవుడి గూట్లో ఎప్పటినుంచో ఉంది, దాన్ని గుడ్డ మీదికి తెచ్చారు.

పసుపు శాంతికి, ఎరుపు ధైర్యానికి అని కూడా కొందరు చెబుతారు. అది తప్పని అనను. కానీ మా పక్కింటి అజ్జిని అడిగితే శాంతి, ధైర్యం అని చెప్పరు, "అరిశిన కుంకుమ కణయ్యా" అంటారు. నాకు ఆ జవాబే నచ్చుతుంది.

ఎవరు తయారుచేశారు?

మ. రామమూర్తి. రచయిత, పత్రికా సంపాదకుడు, కన్నడ ఉద్యమకారుడు. ఆయన తండ్రి "వీరకేసరి" సీతారామశాస్త్రి కూడా పత్రికా రంగంలో పేరున్నవారు.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. 1956 నవంబర్ 1న కన్నడ ప్రాంతాలన్నీ కలిసి ఒక రాష్ట్రం అయ్యాయి గానీ దానికి పేరు మాత్రం మైసూరు రాష్ట్రమనే ఉండిపోయింది. రాజధాని బెంగళూరులోనే, సినిమా హాళ్లలో, ఉద్యోగాల్లో, అంగడి బోర్డుల మీద తమ భాష వెనకబడిపోతోందని కన్నడిగులకు బాధ ఉండేది. 1960లలో ఆ బాధను వీధిలోకి తెచ్చినవాళ్లలో రామమూర్తి ముఖ్యులు. ఆయన "కన్నడ పక్ష" అనే పార్టీ పెట్టారు, దాని కోసం వేసిన జెండాయే ఈ పసుపు, ఎరుపు. ఊరూరా పాదయాత్రలు చేశారు.

1967 చివర్లో తన పొలంలో బావి పని జరుగుతుండగా ప్రమాదం జరిగి, ఇద్దరు కొడుకులతో పాటు ఆయన చనిపోయారు. రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారింది 1973లో, అది ఆయన చూడలేదు. పార్టీ నిలబడలేదు, జెండా నిలబడింది. ఇంత పెద్ద నగరంలో మూలమూలనా ఎగిరే జెండా వేసిన మనిషి పేరు అడిగితే ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామంది తడబడతారు. అది నాకు బాధగా ఉంటుంది, అందుకే ఎవరు అడిగినా ముందు ఆ పేరు చెబుతాను.

అంటే ఇది కర్ణాటక ప్రభుత్వ అధికారిక జెండాయేనా?

కాదు. ఇది చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం. చట్టప్రకారం దీనికి ఏ హోదా లేదు. ప్రభుత్వ ముద్ర వేరే ఉంది, దాని గురించి కింద రాశాను. జెండా మాత్రం జనం ఒప్పుకున్నారు కాబట్టి ఉంది.

2012లో ఒకసారి అప్పటి ప్రభుత్వం నవంబర్ 1న ప్రభుత్వ భవనాల మీద, విద్యాసంస్థల్లో దీన్ని ఎగరేయాలని నిర్ణయించింది. ఆ విషయం హైకోర్టుకు వెళ్లింది, చివరికి ప్రభుత్వమే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. మళ్లీ గట్టిగా కదలిక వచ్చింది 2017లోనే.

2018లో కొత్త జెండా వచ్చిందని విన్నాం, అదేంటి?

2017లో సిద్దరామయ్య ప్రభుత్వం, రాష్ట్రానికి సొంత జెండా ఉండవచ్చా, ఉంటే ఎలా ఉండాలి అని చూడడానికి తొమ్మిది మందితో ఒక కమిటీ వేసింది. 2018 మార్చి 8న ముఖ్యమంత్రి కొత్త నమూనాను బయటపెట్టారు. పైన పసుపు, కింద ఎరుపు అలాగే ఉన్నాయి, మధ్యలో తెల్ల పట్టీ వచ్చింది, ఆ తెలుపు మీద రాష్ట్ర ముద్ర. తర్వాత దాన్ని ఆమోదం కోసం కేంద్రానికి పంపారు. ఆ గుర్తింపు రాలేదు.

అప్పుడు ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి కాబట్టి ఇదంతా ఓట్ల కోసమే అన్నవాళ్లు ఉన్నారు, దేశానికి ఒకే జెండా చాలు అన్నవాళ్లు ఉన్నారు, ఇన్నేళ్లుగా మోసిన రెండు రంగుల జెండాను ఎందుకు మారుస్తారని గొడవపడ్డ కన్నడ ఉద్యమకారులూ ఉన్నారు. రోడ్డు మీద గెలిచింది ఎవరో తెలుసుకోవాలంటే ఈరోజు ఏ సర్కిల్‌కైనా వెళ్లి తల పైకెత్తి చూడండి, నూటికి తొంభై చోట్లకు పైగా ఆ పాత రెండు రంగులే.

ఆ ముద్రలో ఉన్న రెండు తలల పక్షి ఏమిటి?

గండభేరుండం. మన కథల్లోనూ ఉన్న పేరే, చిన్నప్పుడు ఎక్కడో విని ఉంటారు. కర్ణాటక ఆర్టీసీ బస్సు గుర్తులో కూడా ఉంటుంది, బస్సెక్కినప్పుడు చూడండి.

ఈ పక్షి గురించి నేను కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీని వెనక ఉన్న కథ అంత బాగుంటుంది. హిరణ్యకశిపుణ్ణి చంపాక కూడా నరసింహస్వామి ఉగ్రం తగ్గలేదు, ఆయన్ని శాంతింపజేయడానికి శివుడు శరభ రూపం, అంటే సింహం, పక్షి కలిసిన మృగం రూపం ఎత్తాడని శైవులు చెబుతారు. వైష్ణవుల కథ అక్కడితో ఆగదు. శరభాన్ని ఎదిరించడానికి నరసింహుడు గండభేరుండమయ్యాడంటారు. అంటే బలవంతుడి మీద బలవంతుడు, వాడి మీద ఇంకొకడు. బేలూరు చెన్నకేశవ గుడిలో దీన్నే ఒక వరుసగా చెక్కారు. జింకను కొండచిలువ పట్టింది, ఆ పామును ఏనుగు ఎత్తింది, ఏనుగు మీదికి సింహం దూకింది, సింహాన్ని శరభం మింగుతోంది, ఆ శరభాన్ని గండభేరుండం చీలుస్తోంది. గైడ్ చూపించకపోతే దాటిపోతాం, వెళ్తే అడిగి మరీ చూడండి.

శివమొగ్గ జిల్లా బళ్ళిగావిలో గండభేరుండ స్తంభం ఉంది, అది 11వ శతాబ్దానిది. విజయనగర రాజు అచ్యుతదేవరాయలు తన బంగారు నాణేల మీద ఈ పక్షిని వేయించాడు, ఏనుగుల్ని పట్టుకుని ఎగురుతున్నట్టు. ఆ నాణేలు మన రాయలసీమలోనూ చెల్లినవే. తర్వాత మైసూరు ఒడెయర్లు దీన్ని తమ రాజముద్ర చేసుకున్నారు, వాళ్ల నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చింది. ఇప్పటి ముద్రలో ఎర్రటి డాలు మీద తెల్లటి గండభేరుండం, పైన అశోకుడి సింహాలు, రెండు పక్కలా సింహం ఒళ్లు, ఏనుగు తల ఉన్న గజకేసరులు, కింద "సత్యమేవ జయతే".

మీకు ఏది నచ్చుతుంది, రెండు రంగులదా, మూడు రంగులదా?

రెండు రంగులదే, అందులో నాకు సందేహం లేదు.

జెండా అనేది దూరం నుంచి, గాలిలో మెలికలు తిరుగుతూ, వానకు తడిసి, ఎండకు వెలిసినా ఇది ఫలానాది అని తెలియాలి. మొదటి క్లాసు పిల్ల రెండు క్రేయాన్లతో గీయగలగాలి. మా ఎదురింటి చిన్నది నవంబర్ నెలలో నోటుపుస్తకం అట్ట మీదంతా ఇదే గీస్తుంది, పైన సగం పసుపు, కింద సగం ఎరుపు, ఒక కర్ర. మధ్యలో గండభేరుండం, సింహాలు, గజకేసరులు ఉన్న ముద్ర పెడితే ఆ పిల్ల గీయలేదు, యాభై అడుగుల దూరం నుంచి మనమూ చూడలేం, ఏదో మచ్చలా కనిపిస్తుంది. ముద్ర అందంగా లేదని కాదు. అది కాగితం మీద, గుమ్మం మీద ఉండాల్సిన వస్తువు.

రెండో కారణం, తెలుపు పెట్టగానే పసుపు కుంకుమ అనే మాట తెగిపోతుంది. మూడు అడ్డపట్టీలు, మధ్యలో తెలుపు, దాని మీద గుర్తు అంటే జాతీయ జెండా నీడ పడినట్టుంటుంది.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. మన జాతీయ జెండా కథలో కూడా సరిగ్గా ఇలాంటి మలుపే ఉంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి చూపించిన నమూనాలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, రెండే రంగులు. మిగిలిన అందరికీ చోటుండాలని గాంధీజీ తెలుపు చేర్పించారు. అక్కడ తెలుపు రావడానికి గట్టి కారణం ఉంది, రెండు రంగుల్లో ఇమడని మనుషులు ఉన్నారు కాబట్టి. కర్ణాటక జెండాలోనూ అదే వాదన చేయవచ్చు, పసుపు కుంకుమ హిందువుల ఇంటి గుర్తు కదా, మిగతావాళ్ల మాటేమిటి అని. ఈ ప్రశ్న సరైనదే. కానీ శివాజీనగర్‌లో ముస్లిం ఆటో అన్నల బండ్ల మీద నేను చూసిన జెండాలు చూస్తే, ఆ రంగులు ఎప్పుడో పూజగది దాటి బయటికి వచ్చేశాయనిపిస్తుంది.

అసలు ఒక రాష్ట్రానికి సొంత జెండా ఉండవచ్చా?

రాజ్యాంగంలో ఉండాలనీ లేదు, ఉండకూడదనీ లేదు. అన్ని రాష్ట్రాలకూ ముద్రలు ఉన్నాయి, జెండా సంగతి దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది.

చట్టపరంగా సొంత జెండా ఉండిన రాష్ట్రం ఒకప్పటి జమ్మూ కాశ్మీర్ ఒక్కటే. ఎర్రటి గుడ్డ మీద తెల్ల నాగలి, పక్కన మూడు తెల్ల నిలువు గీతలు, జమ్మూ, కాశ్మీర్, లడఖ్‌లకు గుర్తుగా. 1952లో వచ్చిన ఆ జెండా, 2019 ఆగస్టులో 370 అధికరణం ప్రత్యేక హోదా పోవడంతో దిగిపోయింది. తమిళనాడులో 1970లో కరుణానిధి ఒక నమూనా చూపించారు, ఒక మూల జాతీయ జెండా, ఇంకో మూల రాష్ట్ర ముద్ర. అది ముందుకు సాగలేదు. స్వాతంత్ర్య దినం రోజు ముఖ్యమంత్రులు జాతీయ జెండా ఎగరేసే హక్కు 1974లో వచ్చింది ఆయన పట్టుదల వల్లే, అంతకు ముందు గవర్నర్లే ఎగరేసేవారు.

దేశభక్తికీ దీనికీ పోటీ పెట్టేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఊరి పేరు చెరిగిపోదు. ఒక్క నియమం మాత్రం అందరూ పాటించాలి, జాతీయ జెండా కంటే ఎత్తులో గానీ, దానికి సమానంగా పక్కన గానీ ఇంకే జెండా పెట్టకూడదని మన జెండా నియమావళి చెబుతుంది. కన్నడ జెండా కట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఏ రంగు పైన ఉండాలి? కొలతలు ఏమైనా ఉన్నాయా?

పసుపు పైన, ఎరుపు కింద, రెండూ సమానం. అధికారిక జెండా కాదు కాబట్టి పొడవు వెడల్పులకు, రంగు ఛాయకు ప్రభుత్వ లెక్క లేదు. అందుకే ఒక అంగట్లో నిమ్మపండు పసుపు, ఇంకో అంగట్లో ముదురు పసుపు కనిపిస్తాయి.

తలకిందులు చేయడం చాలామంది చేసే తప్పు. కొన్నేళ్ల కిందట మా ఆఫీసులో నవంబర్ 1 రాజ్యోత్సవానికి తోరణాలు కట్టే పని నాకిచ్చారు, తొందరలో ఒక వరుస మొత్తం ఎరుపు పైకి వచ్చేలా కట్టేశాను. ఎవరూ అరవలేదు. రాయచూరు నుంచి వచ్చిన సెక్యూరిటీ అన్న దగ్గరికొచ్చి తెలుగులోనే, "సార్, పసుపు రాశాకే కదా కుంకుమ పెడతాం, పసుపు పైన" అన్నాడు. ఆ మాట విన్నాక ఇక మర్చిపోవడం అంటూ ఉండదు. ఇద్దరం కూర్చుని అన్నీ విప్పి మళ్లీ కట్టాం.

నవంబర్ 1నే ఎందుకు ఇంత సందడి?

కన్నడ రాజ్యోత్సవం. 1956లో అదే రోజు మైసూరు రాష్ట్రం విస్తరించి ఇప్పటి రూపానికి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ ఆ రోజే, కేరళా ఆ రోజే. ఇక్కడ ఆ రోజు భువనేశ్వరి అమ్మవారి పటం పెట్టి ఊరేగింపు తీస్తారు, ఆమె కన్నడ తల్లి. మెడలో పసుపు ఎరుపు కండువాలు, ఆటో స్టాండుల్లో అన్నదానం, మైకులో కన్నడ పాటలు. ఒక్క రోజుతో అయిపోదు, నవంబర్ నెలంతా ఏదో ఒక వీధిలో జరుగుతూనే ఉంటుంది.

తెలుగువాళ్లం మేం ఈ జెండా పట్టుకోవచ్చా? ఎవరైనా ఏమైనా అనుకుంటారా?

పట్టుకోండి. కోలారు, పావగడ, బళ్లారి వైపు వెళ్లండి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తరతరాలుగా కర్ణాటకలో ఉన్న కుటుంబాలు ఎన్నో. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను చీల్చారు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం మన వైపు వచ్చాయి, బళ్లారి మైసూరుకు వెళ్లింది. ఆ గీత అటూ ఇటూ ఉన్న చుట్టాలు ఈరోజుకీ పెళ్లిళ్లకు కలుస్తూనే ఉన్నారు. అలాంటి ఇళ్లలో పిల్లలు బడిలో ఈ జెండా పట్టుకుని పాడతారు, ఇంటికొచ్చి అమ్మమ్మతో తెలుగులో మాట్లాడతారు. అందులో వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు.

కాకపోతే దాన్ని భయంతో కట్టకండి. బండి మీద జెండా ఉంటే ఎవరూ అడ్డుకోరనే లెక్కతో కొనేవాళ్లను చూశాను, నాకది నచ్చదు. జెండాతో పాటు నాలుగు కన్నడ మాటలు కూడా నేర్చుకోండి, కూరగాయల అమ్మతో ఆ నాలుగు మాటలు మాట్లాడితే దొరికే నవ్వు జెండా కడితే దొరకదు.

జెండా విషయంలో గొడవలు ఎందుకు వస్తాయి?

అవమానం జరిగిందనిపించినప్పుడు. 2021 జూన్‌లో ఒక ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో ఈ రంగులతో, రాష్ట్ర ముద్రతో బికినీ అమ్మకానికి కనబడింది, కర్ణాటక అంతా భగ్గుమంది, ఆ సైట్ క్షమాపణ చెప్పాలని ప్రభుత్వం పట్టుబట్టింది. అదే ఏడాది డిసెంబర్‌లో కొల్హాపూర్‌లో ఈ జెండాను తగలబెట్టారు, ఆ మంట బెళగావి దాకా పాకింది, అక్కడ బ్రిటిష్ వాళ్లతో పోరాడిన కన్నడ వీరుడు సంగొళ్లి రాయణ్ణ విగ్రహాన్ని పాడుచేశారు. బెళగావి మాదే అని మహారాష్ట్రతో ఉన్న పాత తగాదా దీని వెనక ఉంది. చట్టంలో హోదా లేని గుడ్డముక్క కోసం ఇంత ఉద్రేకమా అంటారు కొందరు. చట్టం ఇవ్వలేదు కాబట్టే, జనం దాన్ని తమదిగా కాపాడుకుంటున్నారని నాకనిపిస్తుంది.

మరి ఆంధ్రకు, తెలంగాణకు జెండాలు లేవా?

లేవు. ముద్రలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ముద్రలో అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం, తెలంగాణ ముద్రలో కాకతీయ కళాతోరణం, చార్మినార్. దేశం జెండాకు మొదటి రూపం ఇచ్చినవాడు మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన తెలుగువాడు, మనకంటూ భాషకు ఒక జెండా మాత్రం లేదు. రెండు రాష్ట్రాల తెలుగువాళ్లూ పార్టీతో పనిలేకుండా పట్టుకునే ఒక బావుటా ఉంటే బాగుండునని నవంబర్ ఒకటిన ఇక్కడి ఊరేగింపు చూసిన ప్రతిసారీ నాకనిపిస్తుంది. ఏ రంగులు పెడతారని అడిగితే, పసుపు కుంకుమ వీళ్లు ముందే తీసేసుకున్నారు మరి.

జెండా ఎక్కడ కొనాలి, పాతబడితే ఏం చేయాలి?

అక్టోబర్ చివరి వారం నుంచి సిగ్నళ్ల దగ్గర, చిక్కపేట, కె.ఆర్. మార్కెట్ వైపు ఎక్కడైనా దొరుకుతుంది. ప్లాస్టిక్‌వి వద్దు, రెండో రోజుకే మురిక్కాలువలో తేలుతుంటాయి, చూడలేం. నూలు గుడ్డది తీసుకోండి. లేదా అరమీటరు పసుపు, అరమీటరు ఎరుపు గుడ్డ కొని వీధి చివర టైలరుకు ఇస్తే కుట్టిపెడతాడు, అలా చేస్తే రంగు కూడా మనకు నచ్చింది ఎంచుకోవచ్చు. వెలిసిపోయాక రోడ్డున పడేయకుండా ఉతికి, మడతపెట్టి లోపల పెట్టండి. మాది నాలుగో ఏడు నడుస్తోంది, ఎరుపు కాస్త గులాబీ అయింది, పసుపు మాత్రం అలాగే ఉంది.